మగ్గం చదువైన చోట

వందేమాతరం ఉద్యమ స్ఫూర్తితో 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. చేతిపని కూడా చదువేనన్నది వారి ఆదర్శం. అందుకే అక్కడ పుస్తకాలతో పాటు మగ్గాలూ, కర్మశాలలూ వెలిశాయి. ప్రమోదకుమార్ చటర్జీ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఆ చరిత్రలో నాకు ఎదురయ్యే పేర్లన్నీ మగవారివే.

అదే నేత పక్కనున్న పెడనలో ఇంటింటి బతుకు. కళాశాలలో విద్యార్థి మగ్గం ముందు కూర్చుంటే అది విద్య. పెడనలో ఒకమ్మ రాట్నం తిప్పి కండెలు చుడితే అది మగవాడికి సాయం, కూలి లెక్కలోకి రాని ఇంటిపని!

ఆ ప్రయోగాన్ని తక్కువ చెయ్యాలని కాదు. శ్రమకిచ్చిన ఆ గౌరవం నేతింటి గడప దాటి లోపలికెందుకు రాలేదని అడగకపోతే, మన జాతీయ విద్య చరిత్ర సగమే అవుతుంది.