కదలని బేరింగు అరిగిన కథ



నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, మా తరానికి అవి కృష్ణా జిల్లా మెరక సీమే. ఇక్కడి సున్నపురాయి వల్ల సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. అటువంటి ఒకదానిలో నేను మెయింటెనెన్సు సూపర్‌వైజరుగా పనిచేశాను.

1990 ప్రాంతంలో జరిగిన సంగతి ఇది. మా వద్ద రెండు పెద్ద ఫ్యాన్లు పక్కపక్కనే ఉండేవి. ఒకటి నడుస్తుంటే రెండవది స్టాండ్‌బై. నెలల తరబడి ఆగి ఉన్న ఆ రెండవదాన్ని ఒకనాడు నడిపితే బేరింగు గరగరలాడింది. విప్పి చూస్తే లోపలి రింగు మీద, రోలర్లు ఎంత ఎడంగా ఉన్నాయో అంతే ఎడంగా, వరుసగా నొక్కులు! బిగించేటప్పుడు సుత్తితో కొట్టాడని ఫిట్టరు మీద నేరం మోపారు. "నేను కొట్టలేదండీ" అన్నాడతను. ఆ రిపోర్టు మీద నేనూ సంతకం చేశాను. అతని ఇంక్రిమెంటు ఆగింది.

ఈ నొక్కులకు పాత చరిత్రే ఉంది. ఉక్కు గుండును లోహం మీద నొక్కి, పడిన గుంటను బట్టి గట్టిదనం కొలిచే పద్ధతిని స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ 1900లో లోకానికి చూపాడు. అందుకే దెబ్బకో, అధిక భారానికో బేరింగులో పడే నొక్కుకు 'బ్రినెల్లింగ్' అని పేరు వచ్చింది. 1930లలో అమెరికాలో కొత్త కార్లను రైళ్లపై దూరప్రాంతాలకు పంపితే, రోడ్డెక్కకముందే వాటి చక్రాల బేరింగుల్లో అటువంటి గుర్తులే కనిపించాయి. అక్కడ కొట్టినవాడు ఎవడూ లేడు. జనరల్ మోటార్స్‌కు చెందిన ఆల్మెన్ 1937లో దీనిపై వ్యాసం ప్రచురించాడు. దీనినే 'ఫాల్స్ బ్రినెల్లింగ్' అంటారు.

కారణం అదురు. తిరిగే బేరింగులో గ్రీజు ఎప్పటికప్పుడు రోలర్ల కిందికి చేరుతుంది. ఆగి ఉన్నప్పుడు పక్క యంత్రం అదురుకు రోలరు కింది గ్రీజు పక్కకు పోతుంది. లోహం లోహాన్ని సన్నగా రాసుకుని, ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. దెబ్బ వల్ల పడిన గుంటలో సానబట్టిన సన్నగీతలు మిగులుతాయి. అదురు వల్ల పడినదానిలో అరిగిపోతాయి.

ఇది నేను చాలా ఏళ్ల తరువాత ఒక బేరింగుల పుస్తకంలో చదివాను. చదవగానే గుండె జల్లుమంది. ఆనాడు గ్రీజులో ఎర్రటి పొడి నా వేలికి అంటింది. గుడ్డతో తుడిచేసుకున్నాను.

రిటైరయ్యాక నందిగామలో అతని ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. "ఈ మాట మా ఆవిడతో కూడా చెప్పండి సార్" అని లోపలికి పిలిచాడు.

ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న మన పిల్లలకు ఒక మాట. ఆగి ఉన్న యంత్రపు షాఫ్టును వారానికొకసారి చేత్తో తిప్పి, కొత్త చోట నిలపండి. విడి బేరింగులను అదురు తగలని చోట పడుకోబెట్టి దాచండి. నొక్కు కనిపిస్తే మనిషిని అనేముందు గ్రీజు రంగు చూడండి.