పుల్-అప్ కమ్మీ: పుట్టిన చోటు, నడిచిన దారి

కొమ్మ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవడం మనిషి కొత్తగా నేర్చిన విద్య కాదు. కోతికి భుజపు రెక్క ఎముక ఛాతీ పక్కన ఉంటుంది. గిబ్బన్లకు, చింపాంజీలకు, మనకు అది వీపు మీదికి జరిగింది. అందుకే మన చెయ్యి తల పైదాకా పూర్తిగా లేస్తుంది, ఒంటి బరువంతా చేతుల మీద వేలాడగలం. ఆ బరువును పైకి లాగడంలో పెద్దపాలు లాటిస్సిమస్ డోర్సై అనే కండరానిది. నడుము దగ్గరి వెన్నుపూసల నుంచి విసనకర్రలా పరుచుకుని, చంక కిందుగా వచ్చి చేతి ఎముకకు అతుక్కుంటుంది. దానికి తోడు రెక్క ఎముకలను వెనక్కి, కిందికి లాగి పట్టే ట్రపీజియస్, వెనక్కి లాగే రాంబాయిడ్లు, మోచేతిని మడిచే బైసెప్స్. ఒక్క కమ్మీతో, ఒక్క కదలికతో ఇన్నింటికి పని పెట్టే వ్యాయామం మరొకటి చూపించడం కష్టం.

మన దగ్గర ఈ సాధన నిలువు గుంజ మీద సాగింది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరుతో వెలువడిన 'మానసోల్లాసం' మల్లులు స్తంభం మీద చేసే కసరత్తును ప్రస్తావిస్తుంది. కాకతీయులు ఇంకా ఆ చాళుక్యులకు సామంతులుగా ఉన్న రోజులవి. మల్లఖంబ్ పేరుతో ఆ విద్య మహారాష్ట్రలో ఇప్పటికీ సజీవంగా ఉంది.

అడ్డ కమ్మీ కథ మాత్రం ఒక ఓటమితో మొదలవుతుంది. 1806లో యేనా దగ్గర నెపోలియన్ సేన జర్మన్ రాజ్యమైన ప్రష్యాను చిత్తు చేసింది. ఆ అవమానం మరిచిపోలేని బడి పంతులు ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ 1811లో బెర్లిన్ శివారు హాసెన్‌హైడెలో ఆరుబయట వ్యాయామ మైదానం తెరిచాడు. కుర్రాళ్లు ఎక్కడానికి, దూకడానికి, వేలాడడానికి గుంజలు, దూలాలు, అడ్డ కమ్మీలు పాతించాడు. అప్పటి కమ్మీ కర్రదే, ఇనుము తర్వాత వచ్చింది. 1816లో ఎర్నెస్ట్ ఐజెలెన్‌తో కలిసి ఈ కసరత్తులన్నీ ఒక పుస్తకంగా తెచ్చాడు.

ఒళ్లు బలపడిన కుర్రాళ్లు ఒకచోట చేరి స్వేచ్ఛ గురించి మాట్లాడుకుంటే ఏ ప్రభువుకైనా గుబులే. 1819లో నాటక రచయిత కోట్సెబూను ఒక విద్యార్థి పొడిచి చంపాడు. ఆ విద్యార్థి యాన్ వ్యాయామ ఉద్యమానికి చెందినవాడే. యాన్‌ను అరెస్టు చేశారు. 1820లో ప్రష్యా ఇలాంటి మైదానాలను మూయించింది, నిషేధం 1842 దాకా నడిచింది. ఆ అణచివేతే కమ్మీని సముద్రం దాటించింది. దేశం విడిచిపోయిన శిష్యుడు కార్ల్ బెక్ 1825లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని రౌండ్ హిల్ స్కూల్లో ఇదే తరహా వ్యాయామశాల పెట్టాడు.

యాన్ దేశభక్తిలో పరాయివారిపై ద్వేషం కూడా కలిసి ఉంది, దాన్ని దాచడం చరిత్రకు అన్యాయం. అలాంటి ద్వేషమే తర్వాత కమ్మీ మీద గెలిచిన ఒకడిని బలి తీసుకుంది. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో హారిజాంటల్ బార్ స్వర్ణం జర్మన్ హెర్మన్ వైన్‌గార్ట్‌నర్‌ది, రెండో స్థానం అతని సహచరుడు ఆల్ఫ్రెడ్ ఫ్లాటోది. జర్మనీకి పతకాలు తెచ్చిన ఫ్లాటో యూదుడు. 1942లో నాజీల థెరేసియన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.

సైన్యాలకు కమ్మీ మరో విధంగా పనికొచ్చింది. ఒక మనిషి తన బరువును తాను మోయగలడా లేదా అన్నది అది అక్కడికక్కడే తేలుస్తుంది. ఇక్కడే సాధన కాస్తా పరీక్షగా మారింది. అమెరికా మెరైన్ దళంలో మగవారికి చాలా ఏళ్లు 20 పుల్-అప్స్ తీస్తేనే పూర్తి మార్కులు. మహిళలకూ కనీసం 3 ఉండాలని 2014 జనవరి నుంచి నిబంధన పెట్టబోయి ఆగారు, శిక్షణలో ఉన్న మహిళల్లో 55 శాతం మంది అవి తీయలేకపోయారు కనుక. నా దృష్టిలో అది ఆడవాళ్ల వీపు బలహీనత కాదు, చిన్నప్పటి నుంచి కమ్మీ అందివ్వని పెంపకం ఫలితం.

మన ఆర్మీ నియామక ర్యాలీల్లోనూ అంతే. అక్కడ బీమ్ అని పిలిచే ఈ కమ్మీ మీద 10 పుల్-అప్స్ తీస్తే 40 మార్కులు, 6 తీస్తే 16. ఆరు కూడా రాకపోతే తప్పినట్టే. మన పల్లెల కుర్రాళ్లు నెలల తరబడి పరుగు సాధన చేస్తారు. బీమ్ దగ్గరికి మాత్రం నోటిఫికేషన్ పడ్డాకే వెళ్తారు. వీపు బలం అంత తొందరగా రాదు. ముందు కేవలం వేలాడడం అలవాటు కావాలి. తర్వాత మోచెయ్యి మడవకుండా రెక్క ఎముకలను మాత్రమే కిందికి లాగడం. ఆ తర్వాత స్టూలు ఎక్కి గడ్డం కమ్మీ దాటేలా పట్టుకుని, మెల్లగా కిందికి దిగడం. కండరం కుదించుకునేటప్పటి కంటే సాగుతూ దిగేటప్పుడు ఎక్కువ బరువు ఆపగలదు, పైకి ఒక్కటి కూడా రానివారికి ఈ దిగడమే దారి. ఊపుతో కాళ్లు తన్ని లెక్క పెంచుకుంటే వీపుకు చేరేది తక్కువ, భుజానికి తగిలేది ఎక్కువ.

ఇందుకు కావలసింది రెండు గుంజలు, ఒక ఇనుప పైపు. పంచాయతీ పెద్దలారా, హైస్కూల్ హెడ్‌మాస్టర్లారా, మీ మైదానంలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ అందే ఎత్తులో ఒక కమ్మీ వేయించండి. పదేళ్లకే వేలాడడం మొదలుపెట్టనివ్వండి.