ఏడు పాయలు, ఒక కొంగుముడి

సంక్రాంతికి గోదావరి జిల్లాలకు వచ్చే కొత్తజంటల ప్రయాణం ఇంచుమించు ఒకే ఒరవడిలో సాగుతుంది. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చి దిగుతారు. మూడు రోజులు అత్తారిల్లు, ఒక పూట మేనత్తగారిల్లు, దారిలో పెదనాన్నగారింట్లో కాఫీ అని కూర్చోబెట్టి పెట్టే భోజనం. మిగిలిన ఒకటి రెండు రోజుల్లో కాకినాడ దగ్గర మడ అడవులు, యానాంలో గోదావరి గట్టు, దిండిలో పడవ షికారు, చివరికి అంతర్వేది. సముద్రం కనబడగానే ఫోటోలు. ఇదంతా కార్లు, రిసార్టులు వచ్చాక పుట్టిన సరదా అని పెద్దవాళ్లు కొందరు పెదవి విరుస్తారు. ఆ విరుపు అన్యాయం. ఆలుమగలిద్దరూ చుట్టాలను పలకరించుకుంటూ సముద్రం అంచున తిరిగి రావడం ఈ నేల మీద చాలా పాత అలవాటు. అప్పట్లో దానికి సెలవు కాదు, మొక్కు కావాలి. దాని పేరు సప్తసాగర యాత్ర.

గోదావరి ధవళేశ్వరం దగ్గర చీలి డెల్టాలోకి దిగుతుంది. సప్తర్షులు తలో పాయనూ సముద్రం దాకా నడిపించుకుపోయారని స్థలపురాణం. కశ్యపుడి పాయ తుల్యభాగ. అత్రిది ఆత్రేయ. ఆ తర్వాత గౌతమి, జమదగ్ని, భరద్వాజ, కౌశిక, చిట్టచివర వశిష్ఠ. ఈ ఏడు పాయలూ కడలిలో కలిసే ఏడు చోట్లా స్నానం చేస్తే సంతానం కలుగుతుందని నమ్మకం. అందుకే ఈ యాత్రకు బయల్దేరేవాళ్లలో పిల్లల కోసం ఎదురుచూసే దంపతులే ఎక్కువ. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడకు దక్షిణాన ఉన్న చొల్లంగిలో మొదటి మునక. గోదావరి వాసులకు అది చొల్లంగి అమావాస్యే, వేరే పేరు అక్కర్లేదు. అక్కణ్నుంచి కోరంగి, ఆపైన ఒక్కో పాయ దాటుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరాలి. అదే భీష్మ ఏకాదశి. ముందురోజు రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, ఏకాదశినాడు రథోత్సవం. గీత గీసి కొలిస్తే చొల్లంగికీ అంతర్వేదికీ మధ్య వంద కిలోమీటర్లు కూడా ఉండదు. పదకొండు తిథుల వ్యవధి ఇచ్చారంటే, మధ్యలో పాయలు, ఇసుక మేటలు, మడుగులు ఎన్ని దాటాలో అర్థమవుతుంది.

ఈ యాత్రలో నాకు ముచ్చటగా తోచేది స్నానం చేసే పద్ధతి. ఇద్దరూ కొంగులు ముడివేసుకుని, చేయీ చేయీ పట్టుకుని ఒకేసారి మునగాలి. సరిగంగ స్నానమంటే అదే. పెద్దల ఎదుట మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చోవడానికే బిడియపడిన రోజులవి. ఉమ్మడి కుటుంబంలో కోడలికి భర్తతో పగటిపూట నాలుగు మాటలు మాట్లాడే తీరిక కూడా దొరికేది కాదు. అలాంటి ఇంటినుంచి ఇద్దరినీ కలిపి పదిరోజులకు పైగా బయటికి పంపగలిగింది ఒక్క మొక్కు మాత్రమే. ఫలం దక్కిందా లేదా అన్నది ఎవరి నమ్మకం వారిది. ప్రయాణం మాత్రం దక్కేది.

తిథిని ఎన్నుకున్నవాళ్లు ఎవరోగాని గట్టివాళ్లు. మకర సంక్రమణం పడిన చాంద్రమాసమే పుష్యం. కాబట్టి ఆ మాసం చివర వచ్చే అమావాస్య ఎప్పుడైనా సంక్రాంతి దాటాకే వస్తుంది. అప్పటికి కోతలు అయిపోయి ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది. పండగకు వచ్చిన కూతురూ అల్లుడూ పుట్టింట్లోనే ఉంటారు. నదిలో వరద ఉండదు, కార్తీకంలో వణికించిన వాయుగుండాల భయం తగ్గుతుంది. పైగా మామూలు రోజుల్లో సముద్రాన్ని తాకకూడదని, పర్వదినాల్లోనే మునగాలని మన ఆచారం. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలోనూ మాఘ పౌర్ణమికే జనం విరగబడతారు. ఒక్క లోటు ఉంది. పుస్తెలమ్మి అయినా తినమన్న పులస ఎదురీదేది వరదనీటి కాలంలో, అంటే శ్రావణ భాద్రపదాల్లో. మాఘంలో వెళ్లిన జంటకు పుస్తెలు భద్రం.

ఇక బస. హోటలు లేని కాలంలో ప్రయాణమంటేనే చుట్టరికాలు వెతుక్కోవడం. ఎవరి మేనమామ ఏ లంకలో ఉన్నాడు, ఎవరి పిన్నిని ఏ అగ్రహారంలో ఇచ్చారు అన్న లెక్కలతోనే మజిలీలు కుదిరేవి. చుట్టాలు లేనిచోట సత్రం, సత్రం లేనిచోట అన్నం పెట్టే గృహస్థు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇల్లు అలాంటిది. ఆవిడ 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళకు ఎవరు తలుపు తట్టినా విస్తరి వేసిన మనిషి. ఒకసారి ఆవిడే అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకిలో బయల్దేరారట. దారిలో ఎదురైన పెళ్లివారి గుంపులో పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకాసేపట్లో సీతమ్మగారింటికి చేరతాం, అన్నం పెడుతుంది అని పెద్దలు సముదాయించడం ఆవిడ చెవిన పడింది. పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

డబ్బున్నవాళ్ల తీరు వేరు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుగుదారిలో పూరీ జగన్నాథం నుంచి కోస్తా వెంటే దక్షిణానికి దిగాడు. ఇంటి ఆడవాళ్లు, పరివారం, బోయీలు అంతా కలిసి వందమంది దాకా ఉన్న బిడారు అది. ఆ రోజుల్లో దూరప్రయాణమంటే అంతే, ఊరిలో సగం వెంట కదలాలి. పేదవాళ్లకు గుంపులో నడక. ఇద్దరంటే ఇద్దరే వెళ్లడం అన్నది ఇంకా ఎవరి ఊహలోనూ లేదు.

ఈ తీరం దంపతులను కలిపింది ఎంతో, విడదీసింది కూడా అంతే. యాత్రలో రెండో మజిలీ అయిన కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని కోలుకోలేని దెబ్బ తీశాయి. అయినా ఆ పేరు బర్మా దాకా పాకింది. తెలుగునేల నుంచి రంగం, అంటే రంగూన్ వెళ్లిన కూలీలందరినీ అక్కడ కోరంగీలనే పిలిచేవారు. మగవాడు ఓడెక్కి రంగం పోతే ఏళ్లతరబడి పెళ్లాం ఒడ్డునే. అదే సముద్రం మీద గడించిన సొమ్ముతో గుళ్లూ లేచాయి. అంతర్వేదిలో ఇప్పుడు మనం చూసే ఆలయాన్ని 1823లో కట్టించింది ఓడల యజమాని కొపనాతి కృష్ణమ్మ.

తర్వాత ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ వచ్చాడు. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టిన ఆ కట్టడమే సప్తసాగర యాత్ర రూపం కూడా మార్చింది. నీళ్లు కాలువల్లోకి మళ్లాయి, చిన్న పాయలు చిక్కిపోయాయి. కశ్యపుడు తెచ్చిన తుల్యభాగ పేరు ఇవాళ మురుగుకాలువ పద్దులో కనిపిస్తుంది. పటంలో పెద్దగా కనబడే పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ. వీటిలో వైనతేయ అసలు ఏడింటి లెక్కలోనే లేదు, దాన్ని గరుత్మంతుడు తెచ్చాడంటారు. పాయలు పోయినా స్నానాలు ఆగలేదు. ఎందుకంటే కాలువలు కొత్త దారి ఇచ్చాయి. పైన గూడున్న పడవ, గట్టు మీద తాడు లాగే మనుషులు, లాకు దగ్గర నీటిమట్టం కుదిరేదాకా నిరీక్షణ. కాకినాడ నుంచి బెజవాడ దాకా, అక్కడి కాలువల మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు దాకా పడవలు నడిచేవి. ఆలుమగలు ఒక మూల చాప పరుచుకుని రాత్రంతా కబుర్లు చెప్పుకోగల వాహనం మనకు దొరికింది అప్పుడే అని నా అభిప్రాయం. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథలో కాలువ పడవెక్కిన పద్దాలూ రంగీ అలాంటి రాత్రి ప్రయాణికులే.

దారిలో తగిలే యానాం సంగతి వేరు. అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాయి. ఆ చట్టం యానాంలో చెల్లదు. ఇంకేముంది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చారు. గోదావరి గట్టున ఫోటోలు దిగే జంటలకు ఆ సంగతి తెలియకపోవడమే నయం.

రైలు వచ్చాక కథ వేగం అందుకుంది. 1891లో అన్నవరం కొండ మీద సత్యనారాయణస్వామి వెలిశాడు. 1893లో తూర్పుతీరపు రైలుమార్గం ఆ కొండ ఛాయల్లోంచే పోయింది. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన తెరిచారు. పెళ్లయిన జంట అన్నవరం వెళ్లి పీటల మీద కూర్చుని వ్రతం చేసుకోవడం గోదావరి జిల్లాల్లో ఆనవాయితీ కావడం వెనక స్వామి మహిమ ఎంతో రైలు మహిమ అంత. ఏడు మునకలూ పదకొండు తిథులూ అక్కర్లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. సప్తసాగర యాత్ర ఎవరో నిష్ఠాపరులకు మిగిలింది. మిగతావాళ్లకు చొల్లంగి ఒక రోజు స్నానం, అంతర్వేది ఒక రోజు తిరనాళ్లు అయిపోయాయి.

ఇంతదాకా సముద్రం మునగడానికే. ఒడ్డున ఊరికే కూర్చుని చూడటం తెల్లదొరలు వాల్తేరు గుట్టల మీద బంగళాలు కట్టుకుని మొదలుపెట్టిన విలాసం. మనవాళ్లకు అది ఆలస్యంగా అబ్బింది. నా మటుకు నాకు, ఆ మార్పును ఊరూరా చాటింది సినిమా. 1978లో బాలచందర్ తీసిన ‘మరోచరిత్ర’ విశాఖ, భీమిలి తీరాన్ని ప్రేమికుల చిరునామా చేసింది. ఆ తర్వాత పెళ్లయిన జంటకు సముద్రం చూపించకపోతే లోటన్నట్టయింది.

అదే 1978లో కోరంగి మడ అడవులను అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు ఆ మడల మధ్య చెక్కబాట మీద నడవడానికి సందర్శకులు వెళ్లేది చొల్లంగి వైపే. అమావాస్యనాడు తాతలు కొంగుముడితో దిగిన ఊరికి మనవలు టిక్కెట్టు కొనుక్కుని వస్తున్నారు. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య గౌతమి మీద బాలయోగి వారధి వచ్చింది. దిండి పక్కన చించినాడ వంతెన వశిష్ఠను దాటించింది. కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216 నంబరు జాతీయ రహదారి ఈ పాయలన్నిటినీ ఒకే దారానికి గుచ్చింది. కారున్న జంట పొద్దున కాకినాడలో టిఫిన్ చేసి, అమలాపురంలో బాబాయిగారింట్లో భోంచేసి, సాయంత్రానికి అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు మీద నిలబడొచ్చు. రిసార్టులో గది తీసుకున్నా సరే, బాబాయిగారింటి భోజనం మాత్రం తప్పదు. ఊళ్లోకొచ్చి ఇంటికి రాలేదన్న మాట పదేళ్లయినా పోదు.

రైలు ఒక్కటే బాకీ. కాకినాడ–కోటిపల్లి మార్గాన్ని 1928లో వేసి, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పట్టాలు పీకేసి, 2004లో మళ్లీ వేశారు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా మంజూరైన లైను పాతికేళ్లుగా సాగుతూనే ఉంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య నేరుగా వశిష్ఠ దాటాలంటే రేవులో పంటు ఎక్కాల్సిందే.

చొల్లంగి అమావాస్యకు వెళ్లేవారికి ఒక మనవి. స్నానం చేసిన బట్టలను అక్కడే నీళ్లలో వదిలే అలవాటు కొందరికి ఉంది. అవి ఆటుపోట్లకు కొట్టుకుపోయి మడచెట్ల వేళ్లకు చుట్టుకుంటాయి. తడిబట్టలు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. అంతర్వేదిలో నదీ సముద్రమూ కలిసేచోట లోతుకు దిగకండి, అక్కడ లాగుడు ఎక్కువ. బాబాయిగారికి ముందురోజే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి.