తలబ్, ఖుమార్, తిర్యాక్: మన చాయ్ తలనొప్పి తారీఖ్

రంజాన్ మొదటి రోజా నాడు అసర్ వేళకి పెనుకొండలో ఏ ముస్లిం ఇంటికి వెళ్లినా ఒక దృశ్యం ఖాయం. ఎవరో ఒకరు తలకి దుపట్టా గట్టిగా బిగించుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉంటారు. ‘ఆకలి కాదు, దప్పిక కాదు, తల పగిలిపోతాంది’ అంటారు. ఇంట్లో పెద్దలు ఒకరు ఎండ అంటారు, ఇంకొకరు నజర్ అంటారు, మరొకరు పిత్తం అంటారు. ఇఫ్తార్‌లో ఖజూర్ తిని, నీళ్లు తాగి, ఒక గ్లాసు చాయ్ గొంతు దిగాక అరగంటకో గంటకో ఆ తలనొప్పి ఎటు పోయిందో తెలియదు. అన్నం తగ్గించలేని నొప్పిని చాయ్ తగ్గించిందంటే దాని వేరు ఎక్కడుందో వెతకాలి కదా. వెతుకుతూ పోతే ఆ తారీఖ్ నన్ను యెమెన్ దాకా తీసుకుపోయింది.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. పెనుకొండ బాబయ్య అని హిందూ ముస్లిం అందరూ పిలుచుకునే హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ ఈ కొండ కిందికి వచ్చినప్పుడు ఇక్కడ చాయ్ లేదు, కాఫీ లేదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమల రాయలు విజయనగర రాజధానిని పెనుకొండకి మార్చినప్పుడూ లేవు. అదే కాలంలో ఇస్తాంబుల్ నగరంలో మాత్రం కాఫీఖానాలు తెరిచి దాదాపు పదేళ్లవుతోంది. 1550ల మధ్యలో అలెప్పో, దమాస్కస్ నుంచి వచ్చిన ఇద్దరు వాటిని మొదలుపెట్టారని ఉస్మానీ చరిత్రకారుడు పెచెవీ రాశాడు.

అంతకు వందేళ్ల ముందు, 15వ శతాబ్దంలో, కాఫీ యెమెన్ సూఫీల పానీయం. రాత్రంతా జిక్ర్ చేయడానికి, నిద్ర కాచుకోవడానికి ఖహ్వా తాగేవారు. ఏడెన్ నగరానికి చెందిన షేక్ జమాలుద్దీన్ ధభానీ పేరు, మోఖా రేవులోని షాజిలీ షేక్ పేరు ఈ కథల్లో ముందు వినిపిస్తాయి. ఇక్కడ ఒక బారీక్ విషయం గమనించండి. వాళ్లకి ఖహ్వా ఇబాదత్‌కి సాయం. దానికొక వేళ ఉంది, ఒక మఖ్సద్ ఉంది.

పాత అరబీలో ‘ఖహ్వా’ అనేది షరాబుకి కూడా ఒక పేరు. కొత్త పానీయానికి అదే పేరు వచ్చేసరికి షక్ మొదలైంది. 1511లో మక్కాలో ముహ్తసిబ్‌గా ఉన్న ఖాయిర్ బేగ్ ఉలమాని సమావేశపరిచాడు. ఇద్దరు హకీములు కాఫీకి వ్యతిరేకంగా గవాహీ ఇచ్చారు. అమ్మకం ఆపారు, గింజలు తగలబెట్టారు. కానీ కైరో నుంచి వచ్చిన ఫర్మాన్ ఆ కట్టడిని పూర్తిగా బలపరచలేదు. కాఫీ మళ్లీ మక్కా వీధుల్లోకి వచ్చింది. ఈ బహస్ అంతా 16వ శతాబ్దం మధ్యలో అబ్దుల్ ఖాదిర్ జజీరీ ఒక కితాబుగా రాసిపెట్టాడు. 1633లో ఉస్మానీ సుల్తాన్ నాలుగో మురాద్ కాఫీఖానాలు మూయించాడు. ఆయన భయం కాఫీ గురించి కాదు, అక్కడ కూర్చుని జనం మాట్లాడుకునే సియాసత్ గురించి.

ఆ బహస్‌లో ఉలమా అడిగిన ముఖ్య సవాల్: ‘ఇది నషా ఎక్కిస్తుందా? అఖల్‌ని కప్పేస్తుందా?’ జవాబు ‘లేదు’ అని తేలింది, ఖహ్వా జాయిజ్ అయింది. అది సరైన జవాబే. తాగితే ఏమవుతుందన్నది వాళ్ల సవాల్. తాగడం మానేస్తే ఏమవుతుందన్నది వేరే సవాల్. దాన్ని మాత్రం భాష ముందే పట్టేసింది. ఉర్దూలో ‘ఖుమార్’ అనే మాట ఉంది. నషా దిగిపోయేటప్పుడు మిగిలే తలభారం అది. మన దక్కనీ ఇళ్లలో ‘చాయ్ కీ తలబ్’ అంటాం. ‘తాలిబ్’, ‘తలబ్’ ఒకే వేరు నుంచి వచ్చినవి: కోరేవాడు, కోరిక. తుర్కీలో కాఫీ, పొగాకు, అఫీమ్ వదల్లేనివాణ్ణి ‘తిర్యాకీ’ అంటారు. రంజాన్ పగళ్లలో చిటికెలో కోపమొచ్చే తిర్యాకీ వాళ్ల నవ్వుల కథల్లో పాత పాత్ర. చోద్యం చూడండి, ఆ మాట పుట్టిన ‘తిర్యాక్’కి అర్థం విషానికి విరుగుడు. ఇఫ్తార్ చాయ్‌తో పోయే తలనొప్పికి చాయే కారణం, చాయే తిర్యాక్.

ఇక హిందుస్తాన్ సంగతి. జహంగీర్ కాలంలో ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషు పాదరీ ఎడ్వర్డ్ టెర్రీ ఈ దేశంలో కొందరు కాఫీ తాగుతారని రాశాడు. అంటే తాగడం ముందే వచ్చింది. చెట్టు మాత్రం 17వ శతాబ్దంలో హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటడంతో వచ్చిందని రివాయత్. ఆ కొండలకి ఇప్పటికీ ఆయన పేరే. అరబ్బులు మొలకెత్తే గింజని బయటికి పోనిచ్చేవారు కాదంటారు. కాబట్టి మనకీ కాఫీకీ మధ్య ఒక దర్వేష్ ఉన్నాడు. పెనుకొండ, హిందూపురం వాళ్లకి కన్నడ సీమ పక్కనే కాబట్టి ఫిల్టర్ కాఫీ వాసన ఎప్పుడూ దగ్గరే.

చాయ్ మాత్రం కంపెనీల సరుకు. 1930లలో టీ వ్యాపారుల బోర్డు దేశమంతా బండ్లు తిప్పి, ముఫ్త్‌గా కప్పులు పోసి, ఎలా కాచాలో నేర్పించి జనానికి అలవాటు చేసింది. మా నానీ చెప్పేది: ఆమె చిన్నప్పుడు పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం మజ్జిగ. చాయ్ పత్తా ఇంట్లో ఉన్నా మెహమాన్ వస్తేనో, జ్వరమొస్తేనో డబ్బా తీసేవారట. ఒక్క తరంలో అది తిరగబడింది. ఇప్పుడు ధర్మవరం మగ్గం మీద కూర్చున్న నేతగాడికి, హిందూపురం చింతపండు మండీలో హమాలీకి, కియా ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే మన పిల్లలకి చాయ్ ఆకలిని వాయిదా వేసే సాధనం. సూఫీ రాత్రి జిక్ర్ కోసం తాగింది మనం రోజుకి ఆరేడు సార్లు, మఖ్సద్ ఏమీ లేకుండా తాగుతున్నాం.

నొప్పి ఎందుకొస్తుందో చెప్తాను. 1819లో జర్మన్ రసాయనవేత్త రుంగే కాఫీ గింజల నుంచి కెఫీన్‌ని వేరు చేశాడు. చాయ్‌లో ఉన్నదీ అదే. మన మెదడులో అడెనోసిన్ అనే పదార్థం అలసటని తెలియజేస్తుంది, రక్తనాళాలని వెడల్పు చేస్తుంది. కెఫీన్ దాని కుర్చీలో కూర్చుని దాన్ని రానివ్వదు. రోజూ ఇలాగే జరిగితే శరీరం కుర్చీలు పెంచుతుంది. ఒక రోజు చాయ్ ఆగిందా, అడెనోసిన్ ఒక్కసారిగా అన్ని కుర్చీల్లో కూర్చుంటుంది. నాళాలు ఉబ్బుతాయి, తల దిమ్మెక్కుతుంది, నిద్రమత్తు, చిరాకు. ఇది మొదలయ్యేది ఆఖరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో. ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. రోజుకి 100 మిల్లీగ్రాములు, అంటే రెండు మూడు కప్పుల చాయ్ తాగేవారికీ రావచ్చు.

1943లో డ్రైస్‌బాక్, ఫైఫర్ అనే పరిశోధకులు మనుషుల మీద ప్రయోగం చేసి దీన్ని చూపించారు. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్లు రోజుకి సగటున రెండున్నర కప్పుల కాఫీ తాగే 62 మందికి, వాళ్లకి తెలియకుండా కెఫీన్ ఆపి చూశారు. సగానికి పైగా మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన తలనొప్పి వచ్చింది. 1999లో రియాద్‌లో ఇద్దరు డాక్టర్లు ‘రంజాన్ తొలిరోజు తలనొప్పి’ మీదే ఒక వ్యాసం ప్రచురించారు. రోజా ఉన్న ఆస్పత్రి సిబ్బందిలో 41 శాతం మందికి తలనొప్పి వస్తే, లేనివారిలో 8 శాతం మందికే వచ్చింది. కారణాల్లో కెఫీన్ ఆగడాన్ని వాళ్లు ముందు వరసలో పెట్టారు. యూదుల యోమ్ కిప్పూర్ ఉపవాసం నాటి తలనొప్పి మీద కూడా 1995లో పరిశోధన వచ్చింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం కెఫీన్ మానేసినప్పటి బాధని ఒక గుర్తింపు ఉన్న రోగలక్షణంగా చేర్చింది.

అంటే తల పట్టుకుని కూర్చున్న మన ఖాలాలో ఈమాన్ తక్కువేం లేదు, నజర్ ఏమీ తగల్లేదు. ఈ మాట ఇంట్లో చెప్పడం ఎందుకు ముఖ్యమంటే, ఈ నొప్పికి భయపడి రోజా విడిచిపెట్టేవాళ్లని నాకు తెలుసు. సెహ్రీలో రెండు తలనొప్పి మాత్రలు మింగి పడుకునేవాళ్లనీ తెలుసు. ఆ మాత్రల్లో కొన్నిటిలో కెఫీనే కలిపి ఉంటుంది. అందుకే అవి ‘బాగా పనిచేస్తాయి’. నొప్పి వాయిదా పడుతుంది, తలబ్ అలాగే ఉంటుంది.

ఇలాజ్ షాబాన్ నెలలోనే మొదలవ్వాలి. రోజుకి ఆరు గ్లాసులు తాగే మనిషి రెండు మూడు రోజులకొకటి తగ్గించుకుంటూ పోతే రెండు వారాల్లో రెండుకి వస్తాడు. ముందు మధ్యాహ్నం చాయ్ మానండి, ఎందుకంటే రోజాలో ఆ వేళే ఖాళీ. గ్లాసు చిన్నది చేయండి, పత్తా తగ్గించండి, ఎక్కువసేపు మరిగించకండి. మిగిలిన రెండిటిని ఇఫ్తార్ తర్వాత ఒకటి, సెహ్రీలో ఒకటి అని సర్దుకోండి. సెహ్రీ చాయ్ కన్నా ముందు రెండు గ్లాసుల నీళ్లు. తరావీహ్ తర్వాత చాయ్ తాగితే నిద్ర పోతుంది, కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాములు, గర్భిణులకి 200 దాటొద్దని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. షుగర్, బీపీ ఉన్నవాళ్లు రోజాకి ముందే డాక్టరుని కలవాలి. ఎన్నడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా వచ్చే నొప్పి, మాట తడబడటం, చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే అది చాయ్ సంగతి కాదు. ఇఫ్తార్ దాకా ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తండి.

చాయ్ వదిలేయమని నేను అనట్లేదు. మా ఇంట్లోనూ దస్తర్‌ఖాన్ ఎత్తాక చాయ్ లేనిదే ఎవరూ లేవరు. ఈసారి షాబాన్ చంద్రుడు కనిపించిన రోజున మీ ఇంట్లో ఎవరు ఎన్ని గ్లాసులు తాగుతున్నారో ఒక్కసారి లెక్కపెట్టండి. ముఖ్యంగా అమ్మీల లెక్క. అందరికీ పోసి, అడుగున మిగిలిన చిక్కటిది తాగేది వాళ్లే, మొదటి రోజా నాడు దుపట్టా బిగించుకుని వంట చేసేదీ వాళ్లే.