ఊపిరిని కొలుచు యంత్రమును కొలుచుట

అంగడిలోని త్రాసునకు, తూకపురాళ్లకు తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేయుదురు. మరి మనుష్యుని ఊపిరిని కొలుచు స్పైరోమీటరు సరిగా కొలుచుచున్నదని ఎవరు చెప్పవలెను? పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో ఇది ఊరక వేయు ప్రశ్న కాదు. బెల్లంపల్లిలో 1920లలో ఆరంభమైన సింగరేణి త్రవ్వకము తరువాత మందమర్రికి, రామగుండమునకు వ్యాపించినది. బొగ్గుబాయిలో ఏండ్ల తరబడి పనిచేసినవారి ఊపిరితిత్తులలో ధూళి పేరుకొనవచ్చును. దానిని కనిపెట్టుటకు ఛాతీ ఎక్స్‌రేతోపాటు ఊపిరి కొలత కూడ తీయుదురు. ఐదేండ్లకు మించకుండ ఒకసారి ఈ పరీక్షలు జరుగవలెనని గనుల నియమావళిలో నిబంధన చేరినది. అనగా నేటి అంకెను ఐదేండ్ల క్రిందటి అంకెతో పోల్చి చూడవలెను.

ఈ యంత్రపు పుట్టుకకు కూడ బొగ్గుతో కొంత చుట్టరికమున్నది. దానిని రూపొందించిన జాన్ హచిన్సన్ అను వైద్యుడు ఇంగ్లండులో బొగ్గుగనులకు పేరుపొందిన న్యూకాసిల్ ప్రాంతమువాడు. ఆయన తన పరిశోధనను 1846లో ప్రకటించెను. నీటితొట్టిలో బోర్లించిన గంటవంటి పాత్ర, అది తేలికగా లేచుటకు కప్పీలమీదుగా వ్రేలాడు బరువులు, ప్రక్కన కొలబద్ద, యంత్రమంతయు ఇంతే. గొట్టములో ఊదిన గంట పైకి లేచును. నావికులు, పోలీసులు, మల్లులు మొదలైన రెండువేలమందికి పైగా ఊదించి, ఊపిరి సామర్థ్యము మనిషి ఎత్తునుబట్టి పెరుగునని ఆయన చూపెను.

నీటిగంటలో ఒక మంచి గుణమున్నది. చిల్లి పడినచో లేచిన గంట తనంతట తాను దిగిపోవును. లోపము కంటికి కనబడును. నేటి చిన్న యంత్రములలో గాలి ఒక చక్రమును త్రిప్పుటవల్లనో, సన్నని జల్లెడగుండ పోవుటవల్లనో ప్రవాహము తెలియును. పరిమాణమును యంత్రము లెక్కకట్టును. జల్లెడపై తేమ, కఫము అంటుకొన్నను అంకె మాత్రము చక్కగానే అచ్చయి వచ్చును! నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదము.

ఇక ఉష్ణోగ్రత సంగతి. వేడి తగ్గిన వాయువు కుంచించుకొనునని ఛార్లెస్ సూత్రము చదివిన విద్యార్థులెరుగుదురు. ఊపిరితిత్తులలోని గాలి 37 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీటి ఆవిరితో నిండియుండును. నీటిగంట ఉన్న గది 20 డిగ్రీలైన, లోపలికి పోయిన 3 లీటర్ల ఊపిరి చల్లబడి, ఆవిరి కొంత నీరై, సుమారు 2.72 లీటర్లు మాత్రమే ఆక్రమించును. గది కూడ 37 డిగ్రీలైనచో తేడాయే ఉండదు. రామగుండములో వేసవి 45 డిగ్రీలు దాటును. ఆదిలాబాదులో చలికాలపు రాత్రులు ఒక్కొక్కప్పుడు 5 డిగ్రీలకు దిగువకు పోవును. మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి ఊదినవాని ఊపిరి, సవరణ చేయనిచో, 280 మిల్లీలీటర్లు తగ్గినట్లు కనబడవచ్చును. నేటి యంత్రములు ఈ సవరణను తామే చేయును గాని, గది ఉష్ణోగ్రత వాటికి సరిగా అందవలెను.

1979లో అమెరికా ఛాతీవైద్యుల సంఘము ఈ యంత్రములకు ప్రమాణములను ప్రకటించినది. తనిఖీకి వాడునది మూడు లీటర్ల పెద్ద పిచికారి. దానిలోని గాలిని నెమ్మదిగా ఒకసారి, ఓ మోస్తరుగా ఒకసారి, వేగముగా ఒకసారి యంత్రములోనికి నెట్టవలెను. అమెరికా, ఐరోపా సంఘములు కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము ప్రతిసారియు 2.91కి, 3.09కి నడుమ అంకె రావలెను. పిచికారిని ఎండపడు కిటికీవద్ద ఉంచరాదు. యంత్రమున్న గదిలోనే, అదే వేడిలో ఉండవలెను. దానికిని అప్పుడప్పుడు పరీక్ష కావలెను. ఆసుపత్రిలో పనిచేయు ఆరోగ్యవంతుడొకడు వారమువారము ఊది, తన అంకెలను వ్రాసియుంచుట కూడ మంచి తనిఖీయే.

ఇప్పుడు లెక్క చూడుడు. మూడు లీటర్లలో మూడు శాతము 90 మిల్లీలీటర్లు. జబ్బులేని పెద్దవానికి కూడ వయస్సుతో ఏటా సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గును, ఐదేండ్లకు 150. మునుపు సరిగానున్న యంత్రము నేడు మూడు శాతము తక్కువ చూపిన, తరుగుదల 240గా తేలి ఆరోగ్యవంతుడు రోగి అనిపించుకొనును. ఎక్కువ చూపినచో నిజముగా ధూళి తిన్నవాని నష్టములో 90 మిల్లీలీటర్లు కాగితముపై మాయమగును. ఆయా పరీక్షలనాటి పిచికారి అంకెలు, గది ఉష్ణోగ్రత తనిఖీ పుస్తకములో నమోదైయున్నచో, తగ్గినది ఊపిరియో యంత్రమో తరువాత వచ్చిన వైద్యుడు కూడ తేల్చుకొనవచ్చును.