ఇంటి భాండాగారము, దాని వేగము

1956 సెప్టెంబరు మాసమున ఐ.బి.ఎం. సంస్థ తన శాన్ హోసే ప్రయోగశాలలో రూపొందించి లోకమునకు చూపిన రమాక్ అను యంత్రము, 24 అంగుళముల వ్యాసము గల 50 లోహపు పళ్లెములను ఒకే ఇరుసునకు గ్రుచ్చి, నిమిషమునకు 1,200 మార్లు త్రిప్పుచు, వానిపై యాభై లక్షల అక్షరములను అయస్కాంత చిహ్నములుగా నిలుపుకొనెడిది. టన్నుకు తక్కువ తూగని ఆ యంత్రమును ఇంట నుంచుకొను మాట అటుండగా, సంపన్నములైన వ్యాపారసంస్థలు సయితము నెలకు 3,200 డాలర్లు అద్దె చెల్లించి వాడుకొనెడివి. నేడు హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో ఒక తెలుగు కుటుంబమువారి టెలివిజను క్రింది అరలో, నాస్ అని వ్యవహరింపబడు చిన్న పెట్టె యొకటి కూర్చుండి, పెండ్లి వీడియోలను, పిల్లల ఫోటోలను, ఆస్తి దస్తావేజుల ప్రతులను ఇంటిల్లిపాదికిని అందించుచున్నది. ఈ రెంటి నడుమ జరిగిన కథను నిల్వశక్తి వృద్ధిచెందిన కథగా చెప్పుట పరిపాటి. ఒక చిన్న లెక్క వేసి చూచినచో వేరొక కథ కానవచ్చును. సెకనుకు 8,800 అక్షరములను చదువు రమాక్, పళ్లెములను వెదకుటకు పట్టు కాలమును మినహాయించినచో, తన సర్వస్వమును పది నిమిషములలోపుగనే అప్పగింపగలిగెడిది. 20 టెరాబైట్ల నేటి డిస్కు సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఎడతెగక చదివినను ఆ పని ముగియుటకు 27 గంటలు దాటును.

చెఱువు ఎంత విశాలమైనదైనను ఆయకట్టునకు పారు నీరు తూము వెడల్పును బట్టియే యుండును. గృహ భాండాగారముల వేగచరిత్రము యావత్తును ఈ ఇరుకు తూము ఒకచోటి నుండి వేరొకచోటికి తరలిపోవుచు వచ్చిన చరిత్రమే. దానిని గుర్తింపక ఖర్చుపెట్టువాడు వెడల్పుగనే యున్న కాలువను మరల వెడల్పు చేయుచుండును.

1973లో జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్‌లు సెకనుకు 2.94 మెగాబిట్లను మోయు తంతిమార్గమునకు ఈథర్నెట్ అని పేరిడి ప్రారంభించిన ప్రయత్నము 1980 నాటికి 10 మెగాబిట్ల నిర్దిష్ట ప్రమాణముగా స్థిరపడెను. అదే సంవత్సరమున, అనంతరకాలమున సీగేట్ అని ప్రసిద్ధిచెందిన షుగార్ట్ టెక్నాలజీ సంస్థ, బల్లమీది కంప్యూటరులో ఇముడునట్టి 5 మెగాబైట్ల డిస్కును విక్రయమునకు తెచ్చెను. దాని వేగము సెకనుకు 5 మెగాబిట్లు. అనగా ఆనాడు తంతి వెడల్పు, డిస్కు ఇరుకు. నేటివారికి ఇది విపరీతముగా తోచవచ్చును గాని, పరుగిడలేని డిస్కు కొఱకు తంతి వేచియుండిన కాలము నిజముగనే యుండెను.

తరువాతి దశకమున ఈ ఇరుకుపై ఇరువైపుల నుండియు దాడి జరిగెను. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనువారు, ఖరీదైన మహాడిస్కు నొక్కదానిని నమ్ముటకంటె చౌకయైన చిన్నడిస్కులను జట్టుగా కూర్చి పనిని పంచుట మేలని రెయిడ్ సిద్ధాంతమును ప్రతిపాదించిరి. నేటి ఇంటిపెట్టెలో నాలుగు డిస్కులు ఒక్కటిగా పలుకుట ఆ సిద్ధాంతపు ఫలమే. అంతకుముందే, 1984 ప్రాంతమున, సన్ మైక్రోసిస్టమ్స్‌వారు దూరస్థమైన డిస్కును సమీపస్థమైనట్లు భాసింపజేయు ఎన్‌.ఎఫ్‌.ఎస్‌. పద్ధతిని నిర్మించియుండిరి. దాని తొలి నియమము కఠోరమైనది: వ్రాయుమని వచ్చిన సమాచారము స్థిరమైన నిల్వకు చేరినగాని సర్వరు సమాధానమీయరాదు. విద్యుత్తు పోయినను మాట తప్పకూడదను ఆ నిష్ఠ ప్రశంసనీయమే, కాని దాని మూలమున వ్రాత మందగించెను. 1995లో వెలువడిన మూడవ రూపము, ముందు వ్రాసి పిదప ఒక్కమారుగా ధ్రువపఱచుకొను సౌలభ్యమును కల్పించినదాక ఈ చిక్కు వదలలేదు.

ఇంటిపెట్టెల వంశవృక్షమున నాకు అత్యంత ప్రియమైన శాఖ మాత్రము ఆస్ట్రేలియాలోనిది. క్యాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా నుండిన ఆండ్రూ ట్రిడ్జెల్, 1991-92 సంధికాలమున, తన పి.సి.లోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి సాఫ్ట్‌వేరుతో సన్ యంత్రములోని ఫైళ్లను చూడగోరెను. ఆ సాఫ్ట్‌వేరు ఏ భాషలో సంభాషించుచున్నదో చెప్పు గ్రంథము ఆయన చేతిలో లేకపోయెను. కావున తంతిపై వచ్చిపోవు సమాచారపు పొట్లములను చెవియొగ్గి విని, ఏ ప్రశ్నకు ఏ సమాధానము వచ్చుచున్నదో ఊహించి, అట్లే బదులు పలుకు సర్వరును తానే వ్రాసెను. తాను అనుకరించినది ఐ.బి.ఎం.లో పుట్టి మైక్రోసాఫ్ట్ చేతులలో పెరిగిన ఎస్‌.ఎం.బి. భాష యని ఆయనకు తెలియవచ్చినది ఆ పిమ్మటనే. సాంబా అను పేరున ఉచితముగా వ్యాపించిన ఆ ప్రోగ్రామును, అంతే ఉచితమైన లినక్సును ఆధారముగా గొని, 2000లో నెలకొన్న సైనాలజీ, 2004లో నెలకొన్న క్యూనాప్ మొదలగు తైవాను సంస్థలు గృహస్థులకు పెట్టెలను అమ్మజొచ్చినవి. ఒక విద్యార్థి సెలవుదినముల కుతూహలము లేనిచో ఈ పెట్టెల ధర సామాన్యునికి అందుబాటులోనికి వచ్చియుండెడిదా యని నాకు సందేహము.

ఇక తంతి సంగతి. 1999లో సామాన్యమైన రాగితంతిపై గిగాబిట్ వేగమును సాధించు ప్రమాణము వెలువడినది; అనగా సెకనుకు 125 మెగాబైట్లు, ఆచరణలో 110 ప్రాంతము. ఆనాటి డిస్కులు దానిని నింపలేకపోయినవి. తొలినాటి ఇంటిపెట్టెలలోని బలహీనమైన ప్రాసెసర్లకో, రెయిడ్ లెక్కలు కట్టుటతోనే తల తిరుగుచుండెను. క్రమముగా ప్రాసెసర్లు బలపడినవి, పళ్లెముపై చిహ్నముల సాంద్రత పెరిగి ఒక్క డిస్కే ఆ తంతిని మించిపోయినది. తంతి మాత్రము ఇండ్లలో ఉన్నచోటనే నిలిచినది. 2006లో పది గిగాబిట్ల రాగిమార్గము ప్రమాణీకృతమైనను, దాని పరికరముల వెలయు, వేడియు గృహస్థులను దరిచేరనీయలేదు. తుదకు 2016లో 2.5, 5 గిగాబిట్ల మధ్యమమార్గము వెలువడుటకు ముఖ్యకారణము ఇండ్లలోని నాస్ పెట్టెలు కానే కావు. కార్యాలయములలోని వైఫై కేంద్రములు గిగాబిట్ తంతిని దాటజొచ్చగా, గోడలలో నప్పటికే పఱచిన తంతులను పెఱికివేయక వేగమును పెంచు ఉపాయమును పరిశ్రమ వెదకినది. క్యాట్ 5ఇ అను ఆ సామాన్యపు తంతిపైననే 100 మీటర్ల దూరము 2.5 గిగాబిట్లు పాఱునట్లు చేసిన ఆ ఉపాయమున, ఇంటి భాండాగారములు అడుగకయే లబ్ధిపొందినవి.

కావున నేడు తన పెట్టెను వేగవంతము చేయగోరు గృహస్థుడు ఈ చరిత్రనంతను తన ఖర్చుతో మరల నడపవలసినవాడగుచున్నాడు. పెట్టెకు 2.5 గిగాబిట్ల ద్వారమును తెచ్చి, నడుమ తంతులను కలుపు స్విచ్చి పాతదేయైనచో, ప్రయోజనము శూన్యము. స్విచ్చిని మార్చి కంప్యూటరునకును అట్టి ద్వారమునే అమర్చినచో, ఒక టెరాబైటు వీడియోల ప్రతి తీయుటకు రెండున్నర గంటలు పట్టునది, జట్టుగా కూర్చిన డిస్కులు అందింపగలిగినచో, గంటలో ముగియును. ఈ వ్యయము నిస్సందేహముగా సార్థకము. అయితే ఆ వేగము ఏకధారగా చదువు పెద్ద ఫైళ్లకే. వేలకొలది చిన్న ఫోటోల విషయమున తంతి వెడల్పుతో పనిలేదు. అచ్చట ఇరుకు డిస్కు యొక్క భ్రమణము. రమాక్ నిమిషమునకు 1,200 మార్లు తిరుగగా, 1992లో సీగేట్ బారకుడా 7,200 మార్లు తిరిగెను. నేటి పెద్ద డిస్కులలో పెక్కింటిది ఆ సంఖ్యయే. నిల్వ లక్షల రెట్లు పెరిగిన కాలమున భ్రమణము ఆరు రెట్లే పెరిగినది. తిరుగుటయే యెఱుగని ఎస్‌.ఎస్‌.డి.ని పెట్టెలో క్యాషుగా, అనగా తరచు కావలసినదానిని దగ్గర నుంచు నిల్వగా, అమర్చుట ఇచ్చట శోభించును. పెద్ద వీడియోలకు అదే ఎస్‌.ఎస్‌.డి. వలన కలుగు మేలు స్వల్పము. దానిని అమర్చిన పిమ్మటను, ఫోటో నొక్కొక్కదానిని తెఱచుటకు, వ్రాయుటకు, మూయుటకు నడచు ప్రశ్నోత్తరములు మిగిలియే యుండును. నూటికి మించిన ఆదేశములను పందొమ్మిదింటికి కుదించి, పెక్కు ప్రశ్నలను ఒక్కమారుగా పంపు వీలు కల్పించి, విండోస్ విస్టాతో వచ్చిన రెండవ ఎస్‌.ఎం.బి. ఆ సంభాషణను చాల తగ్గించినది, కాని రూపుమాపలేదు. అందువలననే అనుభవజ్ఞులు పదివేల ఫోటోలను విడివిడిగా పంపుటకు మాఱుగా ఒక్క జిప్ ఫైలుగా మూటగట్టి పంపి, పెట్టెలోనే విప్పుకొనుచున్నారు.