భువనగిరి గుట్ట: కోట చరిత్ర, పిల్లల చరిత్ర

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే దారిలో, యాభై కిలోమీటర్ల లోపే భువనగిరి గుట్ట కనిపిస్తుంది. గుడ్డు ఆకారంలో ఒకటే రాయి. ఎత్తు సుమారు 500 అడుగులు. చిన్న గుట్టే గానీ ఒకసారి చూసినవారు మరచిపోరు.

పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు దీనిమీద కోట కట్టించాడని, ఆయన పేరుతోనే ఊరికి ఈ పేరు వచ్చిందని చెబుతారు. 1708లో గీత కార్మికుల ఇంట పుట్టిన సర్వాయి పాపన్న ఇక్కడ దాడి చేశాడు. మేము బడిలో చెప్పే చరిత్ర ఇక్కడితో ఆగిపోయేది.

2013లో సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు రాక్ క్లైంబింగ్ నేర్చుకోవడానికి ఈ గుట్టకే వచ్చారు. వారిలో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన బంజారా బాలిక మాలావత్ పూర్ణ ఉంది. తరువాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ. నేపాల్ వైపు 16 ఏళ్లలోపు వారికి అనుమతి లేనందున టిబెట్ వైపు నుంచి ఎక్కి, 2014 మే 25న ఎవరెస్టు చేరింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటు శిఖరం చేరాడు.

రాయి ఎక్కేవారికి మొదట నేర్పేది ఒకటే. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు రాయిని ఆనుకొని ఉండాలి, ఒక్కటే కదలాలి. బరువు కాళ్లమీద ఉంచాలి. ఎక్కేముందే దిగే దారి చూసుకోవాలి. కొండచరియల్లో తేనె తీసే మన పెద్దలకు ఇది తెలిసిన విద్యే. ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, అంతే.

మేము మాత్రం చింతచెట్టు ఎక్కిన పిల్లలను ఏళ్ల తరబడి తిట్టి దింపాం. పాఠం రానివాడే చెట్లెక్కుతాడని అనుకున్నాం. పడతారన్న భయం నిజమే. తాడు, నేర్పేవారు లేకుండా ఎవరినీ రాయి ఎక్కించకూడదు. కానీ ఆ భయంతోపాటు చులకన కూడా మా మాటల్లో ఉండేది. అది పిల్లలకు తెలిసేది.

ఉపాధ్యాయ మిత్రులారా, మన ఊరి గుట్ట గురించి పిల్లలతో రాయిద్దాం. దాని పేరేమిటి, దారి ఎటు, ఏ రాయి వానకు జారుతుంది, అక్కడ ఎవరు తేనె తీశారు? తాతలను అడిగి రాసుకు రమ్మందాం. ఆ నోటుపుస్తకం కూడా చరిత్రే.